రెండు జతలు, ముగ్గురం

పోయినవాటిని ముందు లెక్క రాసుకోవడం నాకు అలవాటు. రోడ్డు వెడల్పు చేసే పనిలో మా మావయ్య షెడ్డు కూల్చినప్పుడు కూడా ఆ పనే చేశాను. రేకులు ముప్పై ఆరు, అందులో తుప్పు పట్టనివి తొమ్మిది. సరుగుడు వాసాలు పద్నాలుగు. లారీ కింద నిలబడి పనిచేసే గుంట ఒకటి, దాన్ని కంకరతో పూడ్చేశారు. పంచరు చూసే సిమెంటు తొట్టి ఒకటి. ఇంట్లోకి వెళ్లే గుమ్మం ముందు నాపరాయి మెట్టు ఒకటి. దాన్ని పగలకుండా తియ్యమని పొక్లెయిను నడిపే అబ్బాయిని బతిమాలాను. మూడు ముక్కలు చేశాడు. ఇవన్నీ ఆ ఒక్క పూటలో పోయాయి. అంతకుముందు పోయినవి లారీలు మూడు, స్టెప్నీలతో కలిపి వాటి టైర్లు ఇరవై ఒకటి, మావయ్య, ఆ తర్వాత రెండేళ్లకి అత్తయ్య. వాళ్లందరికంటే ముందు, నా ఇరవయ్యో ఏట, ఒక్క నిమిషంలో పోయినవి ఒక మనిషి కాలివేళ్లు రెండు, బొటనవేలూ దాని పక్కదీ. ఆ రెండింటినీ నేను ఇన్నేళ్లూ ఏ పద్దు కిందా రాయలేదు.

షెడ్డు కూల్చేముందు ఏమన్నా ఉంటే తీసుకుపొమ్మని మావయ్య కొడుకు ఫోన్ చేశాడు. అతను ఒంగోల్లో గ్రానైటు పని చూసుకుంటాడు, రాలేనన్నాడు. నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల లెక్క రాస్తాను. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఏ అరలో ఉన్నాయి, ఎన్ని పోయాయి అన్నదే నా ఉద్యోగం. ఒక రోజు సెలవు పెట్టి పర్చూరు బస్సెక్కి వెళ్లాను. అటక మీద రేకు పెట్టె ఒకటి ఉంది. అందులో రెండే వస్తువులు. ఒకటి నేను రాసిన టైర్ల పుస్తకం. రెండోది ఒక జత బూట్లు. తోలు ఎండి కట్టెలాగా అయింది కానీ, అడుగు మాత్రం అట్లాగే ఉంది. లారీ టైరు కోసి వేసిన అడుగు మరి, దానికేం అవుతుంది. ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చున్నాను. దాన్ని మళ్లీ తెరవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆ షెడ్డూ ఇల్లూ ఒకటే. ముందు రేకుల కింద లారీలు, వెనక పెంకుల కింద మనుషులు, మధ్యలో ఆ నాపరాయి మెట్టు. పదో తరగతి అయ్యాక నేను అక్కడికి వచ్చాను, ఇంట్లో మనిషినీ, షెడ్డులో పనివాణ్నీ రెండూ నేనే. మావయ్య పేరు వెంకయ్య. పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా అడుగున్నర ఇనపకడ్డీ పట్టుకుని మూడు లారీల చుట్టూ తిరిగేవాడు. ఒక్కో టైరునూ ఒక్క దెబ్బ కొట్టి చెవి పెట్టేవాడు. గాలి సరిగా ఉంటే ఒక మోత, తగ్గితే ఇంకో మోత. ఇరవై ఒక్క దెబ్బలు. వంటింట్లో అత్తయ్య ఆ దెబ్బలు లెక్కపెట్టుకునేది. పద్దెనిమిదో దెబ్బకి పాలగిన్నె దించితే, మావయ్య కడ్డీ మూలన పెట్టి వచ్చేసరికి కాఫీ తాగే వేడికి వచ్చేది. ఎప్పుడైనా దెబ్బలు మధ్యలో ఆగిపోతే గాలి దిగిన టైరు దొరికిందని ఆమెకి అర్థమయ్యేది, గిన్నె మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించేది. నాకు లెక్కలంటే ఇష్టం ఎక్కడ మొదలైందని ఎవరన్నా అడిగితే, బడి పేరు చెప్పను. ఆ కాఫీ పేరు చెబుతాను.

మా లారీలు సీజన్లో మిర్చి, తర్వాత పత్తి బేళ్లు, మధ్యలో ఏది దొరికితే అది తోలేవి. గుంటూరు యార్డు నుంచి వచ్చిన లారీ ఏడాది పొడుగునా ఘాటుగానే ఉండేది. టైరు పట్టీల్లో, మడ్ గార్డుల్లో, మా వెంట్రుకల్లో కూడా మిరప దుమ్మే. గ్రీజు వాసన, కాలిన రబ్బరు వాసన, వాటి మీద ఎర్రటి ఘాటు. మధ్యాహ్నం చేతులు కిరసనాయిలుతో, రంపపు పొట్టుతో తోముకుని వెనక వసారాలో అన్నానికి కూర్చునేవాళ్లం. అయినా మొదటి ముద్ద కిరసనాయిలు వాసనే వచ్చేది. కాళ్లకి మాత్రం ఏమీ ఉండేవి కావు. ఉత్త కాళ్లు, లేకపోతే హవాయి చెప్పులు. గ్రీజు మీద ఆ చెప్పులు జారేవి, అందుకని ఉత్త కాళ్లే నయం అనుకునేవాళ్లం. చలికాలంలో మడమలు పగిలి ఆ పగుళ్లలో మిరప దుమ్ము చేరేది. ఆ మంట ఇంకో చోటి మనుషులకి చెప్పి అర్థం చేయించలేను.

షెడ్డులో మేం ముగ్గురం. నేను, నా ఈడు వాడు కోటయ్య, మా ఇద్దరికంటే పదేళ్లు పెద్ద మస్తానన్న. టైరు పని మొత్తం మస్తానన్నది. చక్రం విప్పడం, రిమ్ము నుంచి టైరు ఊడదియ్యడం, మళ్లీ ఎక్కించడం అతనికి నీళ్లు తాగినంత. పలచటి మనిషి, మాటకి ముందు నవ్వు వచ్చేది. "ఒరేయ్ శీనా, ఇంగువ కట్టిన గుడ్డ చూశావా? మనం ముగ్గురం అట్లాగే చచ్చాక కూడా మిరపకాయ కంపే కొడతాం, కావాలంటే రాసిపెట్టుకో నీ పుస్తకంలో" అనేవాడు.

ఆ పుస్తకం నేను సొంతంగా మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. ముందు చక్రాల టైర్లు అంచుల దగ్గర అరుగుతాయి, వెనక జంట టైర్లలో ఎడమవైపు బయటిది రోడ్డు అంచు కంకరకి తొందరగా పోతుంది, లోపలిది రాయి ఇరుక్కుంటే తప్ప చాలాకాలం వస్తుంది. అంటే అన్ని టైర్లూ ఒకే చోట ఉండి అరగడం కంటే, చోట్లు మార్చుకుంటూ అరిగితే మొత్తం మీద ఎక్కువ తిరుగుతాయి. ఇది ఇప్పుడు ప్రతి టైర్ల కొట్లోనూ గోడ మీద బొమ్మేసి పెడుతున్నారు. అప్పుడు మా రోడ్డు మీద ఎవరూ చేసేవాళ్లు కాదు. పోయినదాన్ని తీసి కొత్తది వేసేవాళ్లు. నేను కడ్డీ ఎర్రగా కాల్చి ఒక్కో టైరు పక్కన అంకె వేశాను, ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా. పన్నెండు ట్రిప్పులకోసారి ముందువి వెనక్కి, వెనక లోపలివి బయటికి, బయటివి ముందుకి. మావయ్య మొదట తిట్టాడు. "బాగున్న చక్రాలు విప్పి మళ్లీ బిగించడానికి మీకు జీతాలా?" అన్నాడు. ఏడాది తర్వాత ఆ సీజన్లో కొనాల్సిన టైర్లలో రెండు కొనక్కర్లేకుండా పోయాయి. అప్పట్నుంచి యార్డు దగ్గర నలుగురిలో నన్ను "మా లెక్కలవాడు" అని చెప్పుకునేవాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే అలసటగా ఉంటుంది.

బూట్లు ఎట్లా వచ్చాయంటే, ఆ దసరాకి మావయ్య మా ముగ్గురి కాళ్లూ చూశాడు. పక్క ఊళ్లో చెప్పులు కుట్టే ఏసోబు గారిని పిలిపించాడు. ఆయన పెద్దమనిషి, మాట్లాడేటప్పుడు మనిషి మొహం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. అరిగిపోయి పక్కన పడేసిన పద్నాలుగో నంబరు టైరు ఆయనకి చూపించాం. కత్తితో అంచు గీకి చూసి, "దీన్నించి రెండు జతలకి అడుగులు వస్తయ్. మూడో జతకి ఇంకో టైరు కావాల" అన్నాడు.

"ఇంకోటి ఎండాకాలానికి పడేస్తాం. ముందు రెండు కుట్టు" అన్నాడు మావయ్య.

ఏసోబు గారు మాత్రం ముగ్గురి కొలతా తీసుకున్నాడు. కాగితం లేకపోతే నా టైర్ల పుస్తకంలో మూడు ఖాళీ పేజీలు ఇచ్చాను. పుస్తకం నేల మీద పరిచి, ఒక్కొక్కరి కుడికాలు దాని మీద పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీశాడు. మస్తానన్నకి చక్కిలిగింత, కాలు కదిలిపోయింది. "కదలబాక. వంకర గీస్తే వంకర బూటు వస్తది" అని ఆయన కసిరాడు. ఇద్దరి పేజీలు చింపుకెళ్లాడు. గీత వంకర పోయిన మస్తానన్న పేజీ మూడో జతకని పుస్తకంలోనే ఉండిపోయింది.

పదిహేను రోజులకి బూట్లు వచ్చాయి. తంగేడు చెక్కతో పదును చేసిన గేదె తోలు, వాసనకి అత్తయ్య కొంగు ముక్కుకి పెట్టుకుంది. వేళ్ల మీద తోలు రెండు పొరలు, ఆ పొరల మధ్య నూనె డబ్బా రేకు ముక్క. కోటయ్య ఆ ముందు భాగాన్ని సుత్తితో కొట్టి చూశాడు, సొట్ట పడలేదు. వేసుకుని నడిస్తే నేల మీద దుమ్ములో లారీ టైరు పట్టీ అచ్చే పడేది, ఏదో బొమ్మ లారీ షెడ్డంతా తిరిగినట్టు. అత్తయ్య పెట్టిన షరతు ఒక్కటే. ఆ బూట్లు నాపరాయి మెట్టు దాటి లోపలికి రాకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, మెట్టు దగ్గర విప్పి రావాల్సిందే.

రెండు జతలు, ముగ్గురం. ఎవరో ఒకరు ఎండాకాలం దాకా ఉత్త కాళ్లతో ఉండాలి. ఎవరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను లేచి పుస్తకం తెచ్చాను. టైర్లకి చేసిందే మనుషులకీ చేద్దామన్నాను. మొదటి రోజు కోటయ్య, మస్తానన్న. రెండో రోజు మస్తానన్న, నేను. మూడో రోజు నేను, కోటయ్య. మళ్లీ మొదటికి. ఎవరైనా సరే రెండు రోజులు బూట్లతో, ఒక రోజు ఉత్త కాళ్లతో. ముగ్గురివీ దాదాపు ఒకటే కొలత. ఏసోబు గారు రెండు జతలూ కాస్త వదులుగానే కుట్టాడు. నా కాలు కొంచెం చిన్నది, ముందు కాస్త పత్తి కుక్కుకుంటే సరిపోయేది. పుస్తకం మొదటి పేజీలో వంతుల పట్టిక గీసి గోడకి తగిలించాను.

"మమ్మల్ని కూడా పన్నెండు ట్రిప్పులకోసారి విప్పి బిగిస్తావంట్రా?" అన్నాడు కోటయ్య.

"నీకు ముందు గాలి తియ్యాల్రా, ఆ తర్వాతే బిగించేది" అన్నాడు మస్తానన్న.

మావయ్య మాత్రం ఆ పట్టిక ముందు చాలాసేపు నిలబడ్డాడు. "భలే కుదిర్చావురా" అన్నాడు. ఎండాకాలానికి ఇంకో టైరు అరిగి పక్కన పడింది. మూడో జత మాట ఎవరూ ఎత్తలేదు. అవసరం ఏముంది, లెక్క సరిపోయిందిగా. మూడో జత రాకుండా చేసింది మావయ్య పిసినారితనం కాదు, నా లెక్కే. ఈ సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

బూట్లు వచ్చిన ఆ చలికాలంలో నా మడమలు మిగతా ఇద్దరికంటే ఘోరంగా పగిలాయి. నా ఉత్తకాళ్ల రోజు వస్తే పొద్దున్నే మొహం మాడిపోయేది. ఒకరోజు మస్తానన్న తన వంతు జత నా ముందు పడేశాడు. "నువ్వేసుకోరా. చదువుకున్న కాళ్లు, లేతగా ఉంటయ్. నా కాళ్లకి ఎట్లాగూ తోలు దేవుడే కుట్టిచ్చాడు" అన్నాడు. పుచ్చుకున్నాను. కానీ ఊరికే పుచ్చుకోవడం నాకు చేతకాదు. పుస్తకం చివరి పేజీ తెరిచి, మస్తానన్న దగ్గర తీసుకున్న వంతు, ఒకటి, అని రాశాను. ఎండాకాలంలో నా కాళ్లు బాగయ్యాక తిరిగి ఇచ్చేద్దామని. తర్వాత రెండు, మూడు. మొదట్లో అతను ఇస్తేనే తీసుకునేవాణ్ని. పదో వంతు దాటాక నేనే అడిగేవాణ్ని. పదిహేను దాటాక అడగడం కూడా మానేశాను. నా ఉత్తకాళ్ల రోజున పొద్దున్నే అతని జత తీసి వేసుకునేవాణ్ని, అతను చూసి నవ్వి ఊరుకునేవాడు. రాయడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. రాస్తున్నాను కదా, తప్పేమీ చెయ్యట్లేదు అనే ధైర్యం.

నా లెక్కలోకి రానిది ఇంకొకటి ఉంది. మా షెడ్డు నేల గుంట వైపు కొంచెం వాలు. విప్పిన చక్రాన్ని దొర్లించుకొస్తే అది దానంతట అదే ఆ వాలుకి పరుగెత్తేది. పూర్వం దాన్ని రెండు చేతులతో కౌగిలించుకుని ఆపేవాళ్లం. బూట్లు వచ్చాక మస్తానన్న కొత్త పద్ధతి పట్టాడు. చక్రం వస్తుంటే ముందు కాలు చాపి, బూటు మొన దాని కింద దూర్చేవాడు. నూనె డబ్బా రేకు ఉంది కదా, చక్రం అక్కడికక్కడ ఆగిపోయేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నడుం వంచక్కర్లేదు. మేమిద్దరం కూడా నేర్చుకున్నాం. టైరుకి ఇవాళ తాను ఏ చోట ఉందో తెలియనక్కర్లేదు. కాలికి మాత్రం ఇవాళ తన మీద బూటు ఉందో లేదో ప్రతి నిమిషం గుర్తుండాలి. అలవాటు పడిన కాలికి అది గుర్తుండదు.

ఆ రోజు పట్టిక ప్రకారం కోటయ్యదీ మస్తానన్నదీ వంతు. నాది ఉత్తకాళ్ల రోజు. మస్తానన్న జత నా కాళ్లకి ఉంది. ఇరవై మూడోసారి. పొద్దున పది దాటింది, మిర్చి సీజను, రెండో లారీకి టైర్లు మార్చి వేసే రోజు. కోటయ్య గుంటలో ఇంకో లారీ కింద గ్రీజు కొడుతున్నాడు. మావయ్య ఊళ్లోకి వెళ్లాడు. నేను ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాను. ఏం చేస్తున్నానంటే, ఏ నంబరు టైరు ఎక్కడికి పోతుందో రాస్తున్నాను. నా పక్కగా మస్తానన్న ముందు చక్రం విప్పి వదిలాడు. అది వాలుకి అందుకుంది. అతను నవ్వుతూ ఏదో అంటూనే కుడికాలు చాపాడు.

చక్రం ఆగలేదు. కాలి మీదికి ఎక్కి, ఒరిగి, పక్కకి పడింది. రిమ్ము అంచు వేళ్ల మీద పడింది. అతను అరవలేదు. "అమ్మీ" అన్నాడు ఒకే ఒక్కసారి, తల్లిని పిలిచినట్టు.

చక్రం లేపి కాలు తీశాను. పాత గుడ్డ కోసం ఇంట్లోకి పరిగెత్తాను. మెట్టు దగ్గర ఆగాను. ఆగి, బూట్లు విప్పాను, రెండూ పక్కపక్కన పెట్టి లోపలికి వెళ్లాను. అంత కంగారులో కూడా విప్పాను. అది అలవాటు. నేనూ అత్తయ్యా గుడ్డలతో బయటికి వచ్చేసరికి కోటయ్య గుంటలోంచి పైకి వచ్చి మస్తానన్నని పట్టుకుని ఉన్నాడు. ఆటో ఆపి ఇద్దరూ చిలకలూరిపేట ఆసుపత్రికి వెళ్లారు. ఆటో అటు వెళ్లిన కాసేపటికి ఇటు మావయ్య వచ్చాడు.

ఆయన నెత్తురు చూశాడు. చక్రం చూశాడు. మెట్టు దగ్గర ఖాళీగా ఉన్న జత చూశాడు.

"ఇవాళ ఎవరి వంతురా?" అన్నాడు.

నేను గోడ మీది పుస్తకం తీసి మొదటి పేజీ చూపించాను. "కోటయ్యదీ, మస్తానన్నదీ."

"కోటయ్య వేసుకునే పోయి ఉంటాడు ఆసుపత్రికి. మరి ఇవి?"

నేను ఆ పేజీ మూల మడిచాను.

"కుట్టించి కాళ్లకాడ పెట్టినా విప్పి పక్కన పెట్టి పనిచేస్తే నేనేం చెయ్యను! ఎన్నిసార్లు చెప్పాలిరా వీళ్లకి?" ఆయన గొంతులో కోపం కంటే బాధే ఉంది. నా చేతిలో పుస్తకం ఉంది. చివరి పేజీ తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? పీట నుంచి మెట్టు దాకా మిరప దుమ్ములో టైరు పట్టీ అచ్చులు వరసగా పడి ఉన్నాయి, పద్దెనిమిది అడుగులు, నేను లెక్కపెట్టాను. ఆయన నెత్తురు వైపు చూస్తున్నాడు కాబట్టి అవి చూడలేదు. ఇంతలో అత్తయ్య చీపురూ నీళ్ల బకెట్టూ తెచ్చింది. నెత్తురుతో పాటు అవి కూడా ఊడ్చేసింది. నేను పుస్తకం మూసి మళ్లీ గోడకి తగిలించాను.

నెలన్నర తర్వాత మస్తానన్న కర్ర ఊతతో షెడ్డుకి వచ్చాడు. మావయ్య కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. "నీ అజాగ్రత్తకి నువ్వే నష్టపోయావు మస్తానూ. ఈ కాలితో జాకీ ఎట్లా తొక్కుతావు?" అన్నాడు. అజాగ్రత్త అన్నప్పుడు మస్తానన్న నా వైపు చూశాడు. నేను రిమ్ముకి రంగు వేస్తున్నాను. ఆ రోజు రంగు అక్కర్లేని రిమ్ము అది. "అంతేనండీ, నా ఖర్మ" అని అతను లేచాడు. చీరాలలో తన బావమరిది సైకిల్ షాపులో కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. ఏసోబు గారు ఓసారి వచ్చి మూడో జత ఊసెత్తితే, "ఉన్నవే వేసుకోవట్లేదు" అన్నాడు మావయ్య. ఇంకో ఏడాదికి నేను గుంటూరు వచ్చేశాను.

ఈమధ్య బైపాసు పక్కన ఒక టైర్ల కొట్టు ముందు బస్సు కోసం నిలబడ్డాను. అద్దాల కొట్టు. గాలి మిషనుతో నట్లు గిర్రున ఊడిపోతున్నాయి. ఏ చక్రం ఎక్కడికి పోవాలో కంప్యూటరు చెబుతోంది, ఎన్ని కిలోమీటర్లకి మళ్లీ రావాలో ఫోనుకి మెసేజి పంపుతుందట. నేను ఏడాది పట్టి కనిపెట్టింది వాళ్లు గోడ మీద రంగుల బొమ్మగా అతికించారు. అవేవీ నన్ను కుదిపెయ్యలేదు. లోపల పనిచేసేవాళ్లు ముగ్గురు. ముగ్గురి కాళ్లకీ ముందు ఇనప రేకున్న నల్లటి బూట్లు. ముగ్గురికి మూడు జతలు. ఆ లెక్కకి పుస్తకం అక్కర్లేదు. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది.

ఆ వారమే రేకు పెట్టెలోని రెండూ సంచిలో పెట్టుకుని చీరాల వెళ్లాను. రైల్వే గేటుకి ఇవతల షాపు. గడ్డం తెల్లబడింది, మనిషి ఇంకా పలచబడ్డాడు. చిన్న స్టూలు మీద కూర్చుని సైకిలు చక్రం కడ్డీలు బిగిస్తున్నాడు. నన్ను చూసి రెండు క్షణాలు ఆగాడు.

"ఒరేయ్ శీనా! జుట్టెక్కడ పోగొట్టావురా? లెక్క రాసుకున్నావా లేదా?"

టీ తెప్పించాడు. షెడ్డు పోయిందని చెప్పాను. మెట్టు మూడు ముక్కలయిందని కూడా చెప్పాను. తర్వాత బూట్లు తీసి కింద పెట్టాను. అతను ఒకటి తిరగేసి అడుగు మీద గోరుతో గీకాడు. "పద్నాలుగో నంబరు. చూడు, ఇంకా చావలేదు" అన్నాడు.

పుస్తకం తీసినప్పుడు అది ఏసోబు గారు గీసిన పేజీ దగ్గర తెరుచుకుంది. పెన్సిలు గీత, అయిదు వేళ్లతో కుడికాలు, చక్కిలిగింతకి కదిలిన చోట ఒక వంకర. మస్తానన్న దాన్ని చాలాసేపు చూశాడు. చెప్పు విప్పి, పుస్తకం నేల మీద పెట్టి, దాని మీద కాలు పెట్టాడు. మడమ సరిపోయింది, పక్కలు సరిపోయాయి. పైన రెండు వేళ్ల గీతలు ఖాళీగా మిగిలాయి.

"ఇక్కడున్నయ్యిరా ఇవి. నేను ఎక్కడో పారేసుకున్నాననుకున్నా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చివరి పేజీ తిప్పి ఇచ్చాను. మూడు వరసల్లో నా కుదురైన అంకెలు. అతను వేలు పెట్టి చదివాడు.

"ఏందిది?"

"నువ్వు నాకిచ్చిన వంతులన్నా. తిరిగి ఇవ్వాలని రాసుకున్నా. ఆ రోజుది కూడా ఉంది, చివరిది."

"ఇచ్చింది అప్పుగా రాశావా!" అని పుస్తకం మూసేశాడు. మళ్లీ చక్రం అందుకుని ఒక కడ్డీ బిగించాడు. "నువ్వు రాస్తావని నాకు తెలుసు. ఏదన్నా రాయకుండా ఉన్నావా నువ్వు. అందుకే కర్రేసుకుని వచ్చిన రోజు ఊరుకున్నా. మీ మావయ్య అజాగ్రత్త అన్నాడు చూడు, అప్పుడు ఈ పేజీ నువ్వే తీస్తావనుకున్నా. నేను చెబితే చాడీ చెప్పినట్టు ఉంటది. నువ్వు తీస్తే సరిపోద్ది. నువ్వేమో రిమ్ముకి రంగేస్తున్నావ్."

"భయమేసిందన్నా."

"ఏసుద్ది. ఇరవై ఏళ్లోడివి." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "మీ అత్తయ్యకి తెలుసురా."

నేను తలెత్తాను.

"ప్రతి ఎండాకాలం ఎవరో ఒక లారీ డ్రైవరు చేత పండుమిరపకాయ పచ్చడి జాడీ పంపేది. ఆమె పోయేదాకా పంపింది. మొదటిసారి పంపినప్పుడు ఒక మాట కూడా చెప్పి పంపింది, ఆ రోజు నేల ఊడ్చింది నేనేనని చెప్పు మస్తానుకి, అని."

అంటే పీట నుంచి మెట్టు దాకా పడిన అచ్చులు ఆమె చూసింది. చూసి ఊడ్చింది. నన్ను కాపాడటానికి ఊడ్చి, అతనికి ఏటా జాడీ పంపుకుంది. ఆ తర్వాత నేను అక్కడున్న ఏడాదీ నాకు అన్నం పెట్టింది, ఒక్క మాట అనలేదు. ఆ మెట్టు దగ్గర నేను బూట్లు విప్పిన ప్రతిసారీ ఆమె ఏమనుకుందో ఇక అడగడానికి లేదు.

లేచే ముందు బూట్లు అతని వైపు జరిపాను. "ఇవన్నా ఉంచుకో అన్నా. నీ జతే."

"నాకెందుకురా, కూర్చుని పనిచేసేవాడికి బూట్లు దేనికి?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. అన్నాక అతనికీ వినపడింది, నాకూ వినపడింది. ఆ రోజు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నది నేను.  గేటు పడింది, ఒక గూడ్సు బండి వెళ్లింది. ఎప్పుడూ లెక్కపెట్టేవాణ్ని, దానికి పెట్టెలు ఎన్నో ఆ రోజు లెక్కపెట్టలేదు.

"ఆ పేజీ కొట్టెయ్. ఇంటికి పోయి కొట్టెయ్" అన్నాడు చివరికి, నా భుజం మీద చెయ్యి వేసి.

ఇంటికి వచ్చి పెన్ను తీసుకున్నాను. గీత కొట్టడం సులువే, ఒక్క గీత చాలు. కానీ లెక్కలో ఒక నియమం ఉంది, అది ఎవరూ నేర్పకుండానే నేను నేర్చుకున్నది. తీర్చినదాన్నే కొట్టాలి. ఇచ్చినవాడు ఒద్దన్నదాన్ని కొట్టకూడదు. బూట్లు మా గుమ్మం బయట పెట్టాను, పుస్తకం బల్ల మీద ఉంది. టిక్కీల లెక్క ఏ రోజుది ఆ రోజు సరిచూసి సంతకం పెడుతున్నాను, ఎక్కడా తేడా రావడం లేదు. ఈ పేజీ ఒక్కటే సంతకం లేకుండా ఉంది. మస్తానన్నకి నేను ఇవ్వవలసిన రోజులు, ఇవాళ్టి వరకు, ఇరవై మూడు.